గ్యాలరీలో నిలబడి చూసినవాళ్లు

వేలాన్ని మనం పాట అంటాం. చేపల చెరువైనా, గుడి తలనీలాలైనా, బస్టాండులో సైకిల్ స్టాండైనా, చివరికి వినాయకుడి చేతిలో లడ్డూ అయినా సరే, 'పాట పెట్టారు' అంటాం. 'ఫలానా ఆయన పాడుకున్నాడు' అంటాం. చిన్నప్పుడు ఈ మాట విని నిజంగానే రాగం తీసి పాడతారనుకునేదాన్ని. తర్వాత చూస్తే అక్కడ ఉన్నది అరుపు. ఎవరి గొంతు పైకి లేస్తే సరుకు వాళ్లది. నాట్ల పాట, దంపుళ్ల పాట, లాలి పాట, అప్పగింతల పాట ఆడవాళ్లకి వదిలేసిన ఊళ్లో ధర పలికే ఈ ఒక్క పాటా మగవాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇందులో ఆశ్చర్యం ఏముందని అప్పట్లో ఎవరూ అడగలేదు, నాతో సహా.

పదేళ్ల తర్వాత, సాహిత్యంలో పరిశోధన చేస్తూ, నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం అమెరికన్ వాణిజ్య నవలల మీద రాశాను. చికాగో ధాన్యం మార్కెట్ల గురించి రాస్తూ చివర్లో ఒక వాక్యం పెట్టాను: 'గొంతు, ఎత్తు, భుజబలం ఆధారంగా నడిచిన ఈ బజారు కంప్యూటర్ తెర మీదికి మారడం స్త్రీలకి విముక్తి'. పరీక్షకులు ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టారు. దానికి ఆధారం ఏమిటని మాత్రం అడగలేదు. ఇప్పుడు ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. పూర్తిగా తీసుకోగలనా అన్నది ఇంకా తేలలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఆ బజారు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1848లో మొదలైంది. మధ్య పశ్చిమ రాష్ట్రాల గోధుమలు, మొక్కజొన్నలు అక్కడ చేతులు మారేవి. నిజానికి చేతులు మారేవి గింజలు కావు, ఫలానా నెలలో ఫలానా ధరకి ఇస్తానన్న ఒప్పందాలు. వ్యాపారులంతా ఒకరికొకరు కనిపించాలి, ఒకరి మాట ఒకరికి వినిపించాలి కాబట్టి, మెట్లు మెట్లుగా లోపలికి దిగే ఎనిమిది పలకల గొయ్యిలాంటి వేదిక కట్టారు. దాన్నే 'పిట్' అనేవాళ్లు. 1878లో దీనికి పేటెంటు కూడా ఉంది. మన ఊళ్లలో దిగుడుబావిని తలుచుకుంటే కొంత పోలిక దొరుకుతుంది, నీళ్లు ఉండాల్సిన చోట మనుషులు ఉంటారు, అంతే. ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలన్నదానికి రాయని నియమాలుండేవి. పెద్ద ఆర్డర్లు పట్టుకున్న బ్రోకర్లకి పై మెట్టు.

ధర గట్టిగా అరిచి చెప్పాలి. ఈ పద్ధతికి ఓపెన్ అవుట్‌క్రై అని పేరు. అరుపు వినపడని చోట చేతులు మాట్లాడేవి. అరచెయ్యి తనవైపు తిప్పి పడితే కొంటానని, ఎదుటివాళ్ల వైపు తిప్పితే అమ్ముతానని అర్థం. చెయ్యి ఒంటికి దూరంగా చాపితే ధర, గడ్డం దగ్గర పెడితే ఎన్ని ఒప్పందాలో ఆ సంఖ్య, నుదుటి దగ్గర పెడితే పదుల లెక్క. ఒకటి నించి అయిదు దాకా వేళ్లు నిలువుగా, ఆరు నించి తొమ్మిది దాకా అడ్డంగా. ముద్రలతో, అభినయంతో పెరిగిన మనకి ఇది వింతగా అనిపించకూడదు. రంగురంగుల కోట్లు తొడుక్కునేవాళ్లు, గుంపులో తేలిగ్గా కనపడాలని. పొట్టిగా ఉన్నవాళ్లు ఎత్తు మడమల బూట్లు వేసుకునేవాళ్లు. జనం తూలిపడి దెబ్బలు తగులుతున్నాయని మడమ ఎత్తు మీద ఎక్స్ఛేంజి వాళ్లు పరిమితి కూడా పెట్టాల్సి వచ్చింది. మగతనానికి ఆనవాలుగా చెప్పుకునే చోట మగవాళ్లు హైహీల్స్ వేసుకుని తోసుకోవడం! ఈ వివరం మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు నవ్వుకున్నాను.

ఇప్పుడు ఆ గోతులు దాదాపు లేవు. లండన్‌లో షేర్ల హాలు 1986 అక్టోబరు సంస్కరణల తర్వాత నెలల్లోనే ఖాళీ అయింది. అక్కడే ఫ్యూచర్స్ వ్యాపారం చేసిన లిఫ్ఫె 1982లో తెరుచుకుని 2000లో గోతులు మూసేసింది. మన ముంబయిలో దలాల్ స్ట్రీట్ రింగులో అరుపులు 1995 మార్చిలో బోల్ట్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చేదాకా వినపడ్డాయి. (హిందీలో 'బోల్' అంటే మాట్లాడు అని. మాటని ఆపేసిన యంత్రానికి ఆ పేరు ఎలా కుదిరిందో!) 1943లో మొదలైన మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. చికాగోలో 2015 జులైలో ఫ్యూచర్స్ గోతులు చాలావరకు మూతపడేనాటికి మొత్తం ఫ్యూచర్స్ వ్యాపారంలో వాటి వాటా ఒక్క శాతానికి పడిపోయింది. మిగిలిన ఆప్షన్స్ గోతులు 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగాయి. ఒకటి మాత్రం ఆ ఆగస్టులో తెరిచారు. మిగతా చాలావాటిని ఇక తెరవబోమని 2021లో చెప్పేశారు. అయినా కథ పూర్తిగా ముగియలేదు. 2022లో ఆ పాత భవనంలోనే మరో ఎక్స్ఛేంజి కొత్త ఫ్లోర్ తెరిచింది. చావు వార్త రాసేవాళ్లు ఇలాంటివి మర్చిపోతుంటారు.

చావు వార్తలకి మాత్రం కొదవ లేదు. జేమ్స్ అలెన్ స్మిత్ తీసిన 'ఫ్లోర్డ్' (2009) అనే డాక్యుమెంటరీ వాటిలో పేరున్నది. చికాగో గోతుల్లో గొంతులు చించుకున్న మగవాళ్లు తెర ముందు కూర్చోలేక, ఎలా పనికిరాకుండా పోయారో చెప్తారు. చూస్తుంటే జాలి కలుగుతుంది, నేను దాచుకోను. కానీ ఆ జాలి అంతా ఒకవైపు మనుషుల మీదే పోగవుతుంది. ఫోన్లు ఎత్తినవాళ్లు, కాగితాలు పట్టుకుని పరిగెత్తినవాళ్లు, లెక్కలు సరిచూసినవాళ్లు, సాయంత్రానికి నేలంతా పరుచుకున్న చిత్తుకాగితాలు ఊడ్చినవాళ్లు కూడా అక్కడ పనిచేసినవాళ్లే కదా? ఆడవాళ్లకి అక్కడ దొరికిన చోటు చాలాకాలం ఈ పనుల్లోనే. 'మనకు తెలియని మన చరిత్ర' కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాట స్త్రీల దగ్గర కూర్చుని మాటలు పోగుచేసింది 1980లలో. ఆ పుస్తకం చదివిన కళ్లతో చూస్తే ఈ విలాపాలన్నిట్లో ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది.

సాహిత్యంలో ఆ కుర్చీ ఎక్కడ వేశారో చూద్దాం. ఫ్రాంక్ నోరిస్ నవల 'ది పిట్' 1903లో వచ్చింది. అప్పటికి రచయిత లేడు. 1902లో, ముప్ఫై రెండేళ్ల వయసులో చనిపోయాడు. గోధుమ మీద మూడు నవలలు రాయాలనుకున్నాడు. పొలంలో పంట గురించి 'ది ఆక్టోపస్', బజారులో గోధుమ గురించి 'ది పిట్', ఆకలిగొన్న యూరప్‌లో రొట్టె గురించి మూడోది. ఆ మూడోది రాయకుండానే పోయాడు. 1897-98లో జోసెఫ్ లైటర్ అనే యువకుడు చికాగోలో గోధుమంతా గుప్పిట్లో పెట్టుకోబోయి కూలిపోయిన ఉదంతం ఈ నవలకి ముడిసరుకు.

నవల మొదలయ్యేది గోధుమ బజారులో కాదు, ఒపేరా హాలు వాకిట్లో. లారా డియర్‌బోర్న్ అనే యువతి, చెల్లెలు పేజ్, పిన్నిగారు వెస్, తమని పిలిచిన కుటుంబం కోసం చలిలో ఎదురుచూస్తుంటారు. లారా కొత్తగా మసాచుసెట్స్ నించి వచ్చింది. ఒపేరా అంటే ప్రాణం పెడుతుంది. తెర లేస్తుంది, పాట మొదలవుతుంది. కానీ చుట్టూ కూర్చున్న మగవాళ్ల గుసగుసలు ఆగవు. ఆ రోజు బజారులో ఎవరో ఒకాయన గోధుమని బిగబట్టబోయి దివాలా తీశాడు, వాళ్లంతా దాని గురించే మాట్లాడుకుంటున్నారు. లారా మొదట విసుక్కుంటుంది. తర్వాత ఆ గుసగుసల వెనక ఇంకో నాటకం నడుస్తోందని, అది వేదిక మీద నాటకం కంటే పెద్దదని పసిగడుతుంది. ఇంటికి వెళ్తూ ఆ రాత్రి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ భవనాన్ని బండిలోంచి చూస్తుంది.

ఈ మొదటి అధ్యాయం దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో! రెండు పాటలు ఒకేసారి వినిపిస్తున్నాయి. ఒకటి టిక్కెట్టు కొనుక్కుని వినడానికి స్త్రీకి అనుమతి ఉన్న పాట. రెండోది ఆమె వినకూడనిది, పక్కనుంచి చెవిన పడుతున్నది. తన బతుకుని తేల్చేది ఆ రెండోదే. నోరిస్‌కి ఈ సంగతి తెలిసే రాశాడా అంటే, సగం తెలుసు అనుకుంటాను. పాటని ఇలా కట్టినవాడికి తెలియకుండా ఉండదు. ఆ తర్వాత లారాని ఎలా నడిపాడో చూస్తే మాత్రం తెలియదనే అనిపిస్తుంది.

లారా కర్టిస్ జాడ్విన్‌ని పెళ్లి చేసుకుంటుంది. పెద్ద భవనం, పియానోలు, బొమ్మలు, ఆర్గన్. జాడ్విన్ మెల్లగా గోధుమలో మునిగిపోతాడు. లారా ఖాళీ ఇంట్లో మిగిలిపోతుంది. ఒక సాయంత్రం భర్త కోసం నాటకాల్లో స్త్రీ పాత్రల వేషాలు కట్టి నటించి చూపిస్తుంది. గొప్పింటి భార్యకి గొంతు విప్పడానికి దొరికిన ఒకే ఒక్క వేదిక తన ఇంటి హాలు, ప్రేక్షకుడు ఒక్కడు, వాడి మనసు ఇంకెక్కడో ఉంది. తన పుట్టినరోజు సాయంత్రం మాత్రం తనతో ఉండమని మాట తీసుకుంటుంది. సరిగ్గా ఆ రోజే కొత్త పంట వరదలా వచ్చి పడి జాడ్విన్ కూలిపోతాడు. విమర్శకులు చాలామంది లారాని స్వార్థపరురాలిగా, 'నన్ను చూడు' అని మారాం చేసే మనిషిగా చదివారు. భర్త నాశనమైపోతుంటే పుట్టినరోజు ఏమిటి అన్నట్టు. నాకు ఆ చదువు ఒప్పదు. బజారులో ఏం జరుగుతోందో తెలుసుకునే దారులన్నీ మూసేసి, ఇంట్లో కూర్చోబెట్టి, చివరికి ఆమెకి ఏమీ తెలియదని నిందించడం మన కథల్లో కూడా పాత అలవాటే. లారా అడిగింది ఒక్క సాయంత్రం. జాడ్విన్ అడిగింది ప్రపంచంలో ఉన్న గోధుమంతా. స్వార్థమనే మాట ఎవరికి అంటుకుందో చూడండి.

నవలలో నాకు మరీ ముఖ్యమనిపించే దృశ్యం ఇంకొకటుంది. జాడ్విన్ కూలే రోజున పేజ్, పిన్నిగారు బోర్డ్ ఆఫ్ ట్రేడ్ సందర్శకుల గ్యాలరీలో ఉంటారు. కింద గోతిలో పేజ్‌ని ప్రేమిస్తున్న లాండ్రీ కోర్ట్ ఉన్నాడు. ఇంట్లో మెత్తగా, కాస్త తింగరిగా కనిపించే ఈ కుర్రాడు గోతిలోకి దిగగానే ఇంకో మనిషి అయిపోతాడని నోరిస్ ముందే చెప్పి ఉంచాడు. మగతనం పుట్టుకతో వచ్చేది కాదని, కోటులాగా తొడుక్కునేదని 1903లో ఒక మగ రచయిత తెలియకుండానే ఒప్పేసుకున్నాడన్నమాట! పైనుంచి చూస్తున్న ఆ ఇద్దరికీ అరుపులు వినపడుతున్నాయి, చేతులు కనపడుతున్నాయి, అర్థం మాత్రం తెలియడం లేదు. వాళ్ల ఇంటి సంపద కళ్లముందే పోతోంది. అది పోవడమని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

ఫ్రెంచి నవలాకారుడు జోలా పన్నెండేళ్ల ముందే (1891) 'లార్జాన్' అనే నవలలో పారిస్ బజారు గురించి రాశాడు. అతని స్త్రీలు గ్యాలరీలో కాదు, గుమ్మం బయట ఉంటారు. బండిలో కూర్చుని బజారుని చూసే బారనెస్ ఒకతె, విలువ పోయిన షేర్లు ఏరుకుని నల్ల తోలు సంచిలో నింపుకునే మేషాఁ ఒకతె. జోలా చూపు ఇద్దరి మీదా దయలేనిదే. అయినా ఆ సంచి పట్టుకున్న మనిషి నన్ను వదలదు. లోపల మగవాళ్లు పారేసినదాన్ని బయట ఏరుకోవడం ఆమె వ్యాపారం. ఆమె మీద ఎవరైనా ఒక మంచి వ్యాసం రాయాలి.

ఇక గోతిలోకి నిజంగా దిగిన స్త్రీలు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ఫ్లోర్ మీద మొదట పనిచేసిన స్త్రీ 1943లో వచ్చిన టెలిఫోన్ గుమస్తా హెలెన్ హాంజెలిన్. మగవాళ్లు యుద్ధానికి వెళ్లడం వల్ల దొరికిన చోటు అది. సభ్యత్వం అంటే సీటు కొన్న మొదటి స్త్రీ మ్యూరియల్ సీబర్ట్. 1967 డిసెంబరు 28న, 4,45,000 డాలర్లకి కొన్నది. 1,365 మంది మగ సభ్యుల మధ్య దాదాపు పదేళ్లు ఒక్కతే. ఆమెని ప్రతిపాదించమని అడిగితే మొదట అడిగిన పదిమందిలో తొమ్మిదిమంది కాదన్నారట. ఆమె ఆత్మకథ 2002లో వచ్చింది. అందులో హుషారు ఎక్కువ, ఆలోచన తక్కువ అనిపించింది నాకు. డబ్బున్న స్త్రీవాదం మీద నాకున్న అనుమానాలు అలాగే ఉన్నాయి. కానీ ఒక సంగతి మాత్రం మనసులో నాటుకుంది. ఏడో అంతస్తులో సభ్యుల భోజనశాల దగ్గర స్త్రీలకి మరుగుదొడ్డి లేదు. అది 1987లో గాని రాలేదు, అదీ తాత్కాలిక మరుగుదొడ్డి ఒకటి తెప్పించి అక్కడ పెట్టిస్తానని ఆమె బెదిరించాక. ఇరవై ఏళ్లు! కాలేజీల్లో, ఆఫీసుల్లో, బస్టాండుల్లో మనం చెప్పుకునే కథ అక్కడా అదే.

చికాగో గోతిలో పరిశోధకురాలిగా అడుగుపెట్టిన కేట్లిన్ జాలూమ్ పుస్తకం 'అవుట్ ఆఫ్ ది పిట్స్' (2006) నా ఆలోచనని ఎక్కువగా కదిపింది. జాలూమ్ మానవశాస్త్రవేత్త. 1998లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఫ్లోర్ మీద గుమస్తాగా చేరి పనిచేసింది. తర్వాత లండన్‌లో కంప్యూటర్ల మీద వ్యాపారం చేసే ఒక సంస్థలో కూర్చుంది. గ్యాలరీలోంచి మెట్లు దిగి కిందికి వచ్చిన పేజ్‌గా నేను ఆమెని ఊహించుకుంటాను. అర్థశాస్త్ర పుస్తకాల్లో ఉండే చల్లని, లెక్కలు వేసే మనిషి పుట్టుకతో ఉండడని, చెమట, తోపులాట, బూతు జోకులు, క్రమశిక్షణ కలిసి ఆ మనిషిని ఆ చోట తయారుచేస్తాయని ఆమె చూపిస్తుంది. గుంపు గొంతులో వచ్చే చిన్న మార్పుని చెవితో, ఒంటితో పట్టుకోవడమే అక్కడ నైపుణ్యం. భయం ఉన్న అరుపు వేరు, ధీమా ఉన్న అరుపు వేరు. తెర మీదికి మారాక ఆ అంకెల్లోనే మనుషుల ముఖాలు ఊహించుకుంటూ ట్రేడర్లు తంటాలు పడతారు.

లండన్ సంస్థ వాళ్లు పాత గోతి మనుషుల్ని కాకుండా రకరకాల నేపథ్యాల చదువుకున్న యువతీ యువకుల్ని తీసుకుని చూశారు. ఇక్కడే నా పాత వాక్యానికి బలం దొరకాలి. దొరికిందా? గొంతు అక్కర్లేదు, ఎత్తు అక్కర్లేదు, తోసుకోనక్కర్లేదు. తెర మీద ఆడా మగా లేదు. కాగితం మీద ఇది బాగుంది. కానీ జాలూమ్ రాసిన గదుల్లో కూడా ధైర్యం, పోటీ, నష్టానికి చలించకపోవడం గురించిన భాష పాత గోతి భాషే. శరీరం లేకుండా పోయినా దాని పొగరు మిగిలింది. పైగా జాలూమ్ అక్కడ ఉన్న రోజులు కూడా ఇప్పుడు చరిత్రే. తర్వాత ఆ తెరల ముందు మనుషుల చోటు కూడా తగ్గుతూ వచ్చింది. ధరలు కలిపే యంత్రాలు చికాగో బయట అరోరా పట్టణంలోని డేటా సెంటర్‌కి చేరాయి. సెకనులో వేలవంతు తేడాతో ప్రోగ్రాములు వాటితో మాట్లాడతాయి. అంటే ఏమైంది? స్త్రీలు లోపలికి రావడానికి తలుపు సగం తెరుచుకునే సమయానికి గదే లేకుండా పోయింది. విముక్తి అని నేను రాసింది దీని గురించే.

బోర్డ్ ఆఫ్ ట్రేడ్ భవనం మీద ఒక స్త్రీ ఉంది. 1930లో ఆ భవనం కట్టినప్పుడు జాన్ స్టోర్స్ చేసిన ధాన్యదేవత సెరెస్ విగ్రహం, అల్యూమినియంది, ముప్ఫై అడుగులకి పైగా ఎత్తు. ఒక చేతిలో గోధుమ కంకుల కట్ట, ఇంకో చేతిలో ధాన్యం సంచి. ముఖం లేదు. అంత ఎత్తున ఎవరికీ కనపడదు కాబట్టి శిల్పి ముఖం చెక్కలేదని చెప్పుకుంటారు. లండన్‌లో లిఫ్ఫె వ్యాపారికి 1997లో స్టీఫెన్ మెల్టన్ చేసిన కంచు విగ్రహం నేల మీద, దారిన పోయేవాళ్ల పక్కనే నిలబెట్టారు. కోటు తొడుక్కుని మొబైల్ ఫోన్ పట్టుకున్న యువకుడు, ముఖం స్పష్టంగా ఉంది. అన్నపూర్ణని శిఖరం మీద కూర్చోబెట్టి వంటింటి లెక్కలు అడగనివ్వని మనకి ఈ రెండు విగ్రహాల తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. 2017లో న్యూయార్క్ వీధిలో కంచు ఎద్దు ఎదురుగా నిలబెట్టిన చిన్నపిల్ల బొమ్మని చూసి చాలామంది మురిసిపోయారు. నాకెందుకో ఆ నడుము మీద చేతుల కంటే ఈ ముఖంలేని సెరెస్ తోనే మాట్లాడాలనిపిస్తుంది.

ఇదంతా చదువుతూ, రాస్తూ ఉండగా నన్ను ఇరకాటంలో పెట్టింది మా అమ్మ. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు ఊరు. బ్యారన్ లైసెన్సు నాన్న పేరు మీద ఉండేది. కర్రలకి ఆకు కట్టడం, కాలిన ఆకు దించడం, మండెలు వెయ్యడం, గ్రేడింగ్ చెయ్యడం అన్నిట్లో అమ్మ చెయ్యి ఉండేది. కూలికి వచ్చినవాళ్లు కూడా ఎక్కువమంది ఆడవాళ్లే. ఆకు చేత్తో పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఇది ఏ కోతదో, ఏ గ్రేడుదో, ఈ ఏడు ఎంత పలకాలో అమ్మ చెప్పేది. నాన్న వేలం కేంద్రానికి వెళ్లేముందు అమ్మని అడిగి వెళ్లేవాడు. అడిగినట్టు మాత్రం ఎక్కడా చెప్పేవాడు కాదు.

నాకు పదేళ్లప్పుడు నాన్నకి కామెర్లు వచ్చి మంచాన పడ్డాడు. బేళ్లు వెనక్కి తెచ్చుకునే వీల్లేదు. అమ్మ, నేను, మా మామయ్య వెళ్లాం. పెద్ద షెడ్డు, వరసల్లో బేళ్లు. వేలం పాడే ఆయన ముందు నడుస్తుంటే కొనేవాళ్లు బేళ్ల అటుపక్కా ఇటుపక్కా అడుగులు వేస్తూ వస్తున్నారు. ఒక్కో బేలు దగ్గర కొన్ని క్షణాలు, అంతే. ధర పలికేది ఆ క్షణాల్లోనే. మా బేలు దగ్గరికి వచ్చారు. 'ఎవరిదమ్మా ఇది? మీ ఆయన రాలా?' అన్నారు ఎవరో. అమ్మ సమాధానం చెప్పేలోపే పాట అయిపోయింది. అమ్మ లెక్క కంటే చాలా తక్కువ. ధర నచ్చకపోతే రైతు ఒప్పుకోనని చెప్పొచ్చు, అమ్మకి ఆ సంగతి తెలుసు. 'ఒప్పుకోను' అన్నది కూడా. నాకు వినపడింది, ఎందుకంటే నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాను. వరస ముందుకి వెళ్లిపోయింది. మామయ్య 'పోనీలే అక్కా, మళ్లీ బండి కిరాయి దండగ' అన్నాడు. ఇంటికొచ్చేదాకా అమ్మ మాట్లాడలేదు.

నా సిద్ధాంత గ్రంథంలోని ఆ వాక్యం వెనక ఉన్నది చికాగో కాదు, ఆ షెడ్డు. అమ్మ గొంతుతో పనిలేని బజారు వస్తే బాగుండునని నేను కోరుకున్నాను. వచ్చింది. తర్వాతి ఏళ్లలో వేలం కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ పద్ధతి పెట్టారు. పాట లేదు, కొనేవాళ్లు చేతిలోని చిన్న యంత్రంలో ధర నొక్కుతారు. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఉత్సాహంగా అడిగాను, ఇప్పుడు నయం కదా అని. అమ్మ చాట పక్కన పెట్టి, 'ఏం నయం? అప్పుడు వాడి మొహం చూసి మనసులోనైనా తిట్టుకున్నా. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలిసిద్దా?' అన్నది.

నాకు జవాబు లేదు. ఆ షెడ్డు మళ్లీ కావాలని అమ్మ అనడం లేదు. అవమానానికి ఒక ముఖం ఉండటం ఒక సౌకర్యం అంటోంది, అంతే. ముఖం ఉంటే ఒకనాటికి ఎదురు తిరగొచ్చు, మరుగుదొడ్డి తెప్పించి గుమ్మంలో పెట్టిస్తానని బెదిరించొచ్చు. అరోరాలోని యంత్రం గుమ్మంలో ఏం పెట్టాలి? అలాగని 'ఫ్లోర్డ్'లో మగవాళ్లతో కలిసి నేను ఏడవలేను. వాళ్లు పోగొట్టుకున్నది వాళ్ల రాజ్యం. అమ్మ పోగొట్టుకున్నది తనకి ఎప్పుడూ లేని ఒక మాట. రెంటికీ ఒకే విలాపం సరిపోదు. ఒకే విముక్తి కూడా సరిపోదు. నేను రాసిన వాక్యంలో తప్పు అక్కడుంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. గ్యాలరీ అన్నది ఎప్పుడూ చేతకాని చోటే కాదు. 1992లో హర్షద్ మెహతా వ్యవహారాన్ని పత్రికలో బయటపెట్టింది సుచేతా దలాల్. రింగులో సభ్యురాలు కాదు, పాత్రికేయురాలు. లోపల అరుస్తున్నవాళ్లకి వినపడనిది, బయట కాగితాలు చదివిన ఒక స్త్రీకి కనపడింది. లారా ఒపేరాలో విన్న గుసగుసని తొంభై ఏళ్ల తర్వాత ఒకామె వెంటపడి రాసుకున్నదని నాకు అనిపిస్తుంది. నోరిస్ తన లారాకి ఒక నోటుపుస్తకం ఇచ్చి ఉంటే నవల ఎటు వెళ్లేదో.

మొన్న సంక్రాంతికి అమ్మకి లారా కథ చెప్పాను. ఒపేరా, భవనం, గోధుమలు, పుట్టినరోజు, అన్నీ. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. దివాలా తీసిన రాత్రి మొగుడు కూలిపోయి ఇంటికొచ్చాడని, తర్వాత ఇద్దరూ ఊరొదిలి పడమటికి వెళ్లిపోయారని చెప్పాను.

'మరి ఆమెకి గోధుమ ధర ఎంత పలికిద్దో తెలుసా?' అని అడిగింది.

తెలియదనే చెప్పబోయి ఆగాను. హైదరాబాదు తిరిగొచ్చాక పుస్తకం మళ్లీ తీశాను. ఈసారి లారా మాట్లాడిన చోట్ల మాత్రమే పెన్సిలు గీతలు పెట్టుకుంటూ చదువుతున్నాను. ఇప్పటికి నాలుగో అధ్యాయంలో ఉన్నాను.